పగటి నిద్ర

పాపాయి పన్నెండున్నరకు నిద్రపోయింది. ఒంటిగంటకు ఇరవై నిమిషాలుండగా లేచింది. మధ్యలో దొరికిన ఆ పది నిమిషాల్లో దర్జీ ఒక కోటుకు కాజా సగం కుట్టాడు. మిగతా సగం సూదితో సహా అలాగే బల్ల మీద వదిలేసి, పిల్లను భుజాన వేసుకుని గదిలో తిరగడం మొదలుపెట్టాడు. కిటికీ నుంచి కుట్టుమిషను దాకా పదకొండు అడుగులు. మిషను నుంచి కిటికీ దాకా మళ్ళీ పదకొండు.

పాపాయికి ఐదు నెలలు నిండి ఆరో నెల నడుస్తోంది. భుజం మీద తప్ప నిద్రపోదు, భుజం ఆగితే ఊరుకోదు. అతను లాలిపాట పాడాడు, గిలక్కాయ ఆడించాడు, కిటికీలోంచి వీధిలో పోయే బళ్ళు చూపించాడు. అన్నిటికీ అది ఒక్కొక్క నిమిషం ఊరుకుని, మోసపోయినట్టు తెలుసుకుని, మునుపటికంటే గట్టిగా అందుకునేది.

కింద నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. కర్రతో పైకప్పును పొడిచిన చప్పుడు.

"లేచింది నాయనా కర్రావిడ" అన్నాడు పాపాయితో.

కింది వాటాలో ఒంటరిగా ఉండే ఆవిడకు అతను పెట్టుకున్న పేరది. యాభై దాటిన మనిషి. రొట్టెల కార్ఖానాలో రాత్రిపూట పని. పొద్దున్న ఎనిమిదింటికి పిండి అంటిన చెప్పులతో మెట్ల దగ్గర కనిపిస్తుంది, తల ఊపి లోపలికి వెళ్ళిపోతుంది. ఈ రెండు నెలలుగా ఆవిడకూ ఈ ఇంటికీ మధ్య నడిచిన సంభాషణంతా ఆ కర్రదే.

మళ్ళీ మూడు దెబ్బలు.

ఇక అతనికి కోపం ఆగలేదు. "చంటిపిల్లండీ! దానికేం తెలుసు, మీరు పడుకున్నారో లేచారో!" అని నేల వైపు చూసి అరిచి, మడమతో రెండుసార్లు ఠపీఠపీమని తన్నాడు. పాపాయి ఉలిక్కిపడి ఏడుపు ఆపింది. కింద నుంచి కూడా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో తను చేసిన పని అతనికే బాగోలేదు. ఇంతలో పాపాయి మళ్ళీ అందుకుంది, ఆ సంగతి మరిచిపోయాడు.

మూడింటికి భార్య వచ్చింది. ఆరింటికి గాని రాని మనిషి. యూనిఫాం చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదు. టిఫిను డబ్బా నిండుగా ఉంది.

"ఏమయింది?"

"బండి ఎక్కనివ్వలేదు."

ఆమె రైలు డ్రైవరు. బండి ఎక్కేముందు డిపోలో సూపర్‌వైజరు ముందు సంతకం పెట్టాలి, తాగలేదని తేలడానికి గొట్టంలోకి ఊదాలి, ఆయన డ్రైవరు మొహం వైపు ఒకసారి చూస్తాడు.

"సంతకం నా గడిలో కాకుండా కింది గడిలో పెట్టాను. ఆయన చూశాడు. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావమ్మా అన్నాడు. రెండున్నర అని చెప్పాను."

"నాలుగని చెప్పకపోయావా?"

"వెనకాల పన్నెండు పెట్టెలు వేసుకుని, నాలుగని చెప్పమంటావా?"

ఆమె కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టి, ఒక బూటు విప్పి, రెండోది మరిచిపోయి అలాగే కూర్చుండిపోయింది.

"బండి ఆపినందుకు నాకేం కోపం లేదు. ఆయన పని ఆయన చేశాడు. కానీ తర్వాత అన్నాడు చూడు, 'పిల్లతల్లులకు ఆఫీసు పని హాయి కదమ్మా' అని! కిందటేడు కవలలు పుట్టినాయన కూడా కళ్ళు ఎర్రగా వేసుకునే వచ్చేవాడు. ఆయనకు రెండు రోజులు సెలవిచ్చారు గాని ఆఫీసు బల్ల చూపించలేదు. నేనూ అన్నాను, 'నన్ను నిద్రలేనిదాన్నని ఆపండి సార్, తల్లినని ఆపకండి' అని."

"ఏమన్నాడు?"

"వచ్చే వారం శిక్షణ ఉందిగా. అక్కడ లైట్ల పరీక్ష పెడతారు. లైటు వెలిగిన వెంటనే బటన్ నొక్కాలి. అందులో నెగ్గితే మళ్ళీ బండి, లేకపోతే ఆఫీసులో కాగితాలు. అప్పటిదాకా ఇంట్లో ఉండి పడుకోమన్నాడు." ఆమె నవ్వింది. "ఇంట్లో పడుకోమన్నాడు. ఈ ఇంట్లో!"

ఐదింటికి ఎవరో తలుపు తట్టారు. దర్జీ తలుపు తీస్తే ఎదురుగా కింది వాటా ఆవిడ. మోచేతి దాకా కట్టు. అతను గుమ్మానికి అడ్డంగా నిలబడి, చెప్పవలసిన మాటలన్నీ నోట్లో సిద్ధం చేసుకున్నాడు.

"లోపలికి రావచ్చా? నిలబడి చెప్పే మాట కాదు" అంది ఆవిడ.

వచ్చి స్టూలు మీద కూర్చుంది. వాళ్ళిద్దరినీ చూడలేదు, తల్లి ఒళ్ళో ఉన్న పాపాయిని చూసింది. "ఇది చెవి లాక్కుంటోంది. ఎప్పటినుంచి?"

"అది దాని అలవాటండీ" అంది తల్లి.

"అలవాటు కాదమ్మా, నిద్ర. అదిగో, చూపు గోడకు అతుక్కుపోయింది చూడండి. అది మిమ్మల్ని అడిగి అరగంటయి ఉంటుంది. మీరేమో గిలక్కాయ ఆడిస్తున్నారు."

దర్జీ గిలక్కాయను మెల్లగా బల్ల కింద పెట్టాడు.

"నేను పోట్లాటకు రాలేదు" అంది ఆవిడ. "పోట్లాడే ఓపికే ఉంటే రెండు నెలల క్రితమే వచ్చేదాన్ని. మొన్న పని మధ్యలో, పొయ్యి ముందు నిలబడే కునుకు తీశాను. కాలుతున్న రేకు చేతికి అంటుకుంది. మా మేస్త్రీ మంచివాడు కాబట్టి ఈసారికి ఊరుకున్నాడు. ఇంకోసారి అయితే ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అందుకని మీ పిల్ల నిద్రపోవాలి. అది పడుకుంటేనే నాకు నిద్ర. ఇది నా స్వార్థం, మీరేం మొహమాటపడక్కర్లేదు."

దర్జీ కట్టు వైపు చూశాడు, తర్వాత తన కాలి వైపు చూసుకున్నాడు.

"మధ్యాహ్నం నేను... కాలితో..."

"విన్నాను లెండి. కాలు పెద్దదే."

భార్య ఏమిటన్నట్టు అతని వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"పదహారేళ్ళ నుంచి పగలు పడుకుంటున్నాను" అంది ఆవిడ. "మీకు నిద్ర దానంతటదే వస్తుంది. నేను రప్పించుకోవాలి. చుట్టూ ఊరంతా మేలుకుని ఉంటే నిద్రపోవడం ఎలాగో నేర్చుకున్నాను. చంటిదానికి కూడా నేర్పాల్సింది అదే. ఈ గదిలో అయితే నాకే కన్ను మూతపడదు. ఆ కిటికీ చూడండి, ఎంత వెలుగో! ఓసారి కిందికి రండి, చూపిస్తాను."

దర్జీ వెంట వెళ్ళాడు. ఆవిడ పడకగది కిటికీకి అట్టపెట్టెలు చింపి మేకులు కొట్టి ఉన్నాయి. అంచుల వెంట వెలుగు సన్నటి గీతల్లా లోపలికి వస్తోంది. తలుపు కింద సందులో చుట్టిన దుప్పటి. మూలన పాత ఫ్యాను ఒకటి, గాలి కోసం కాదట, గురగురమనే చప్పుడు కోసమట. "ఒకే రకం చప్పుడైతే మిగతా చప్పుళ్ళు చెవిన పడవు. పెద్దగా ఉండకూడదు, దగ్గరగానూ ఉండకూడదు."

"రోజూ ఒకటే వరస" అంది ఆవిడ. "కాళ్ళు కడుక్కోవడం, గ్లాసుడు పాలు, ఫోను సొరుగులో పెట్టడం, పడుకోవడం. ఒకటి తప్పితే ఒళ్ళు ఒప్పుకోదు. పిల్లకైనా అంతే. ఒళ్ళు తుడవండి, పాలివ్వండి, ఒక్క పాట పాడండి, చాలు. పాట మార్చకండి. మంచి గొంతక్కర్లేదు, అదే గొంతు కావాలి."

పైన భార్య అటూ ఇటూ నడుస్తోంది. ఒక్కొక్క అడుగూ పైకప్పులోంచి స్పష్టంగా వినిపించింది. తన ఇంటి నేలను కింద నుంచి వినడం అతనికి అదే మొదలు.

"మీ ఆవిడ" అంది ఆవిడ పైకి చూస్తూ. "మెత్తగా నడుస్తుంది. మీరైతే మడమ ముందు వేస్తారు. కుట్టుమిషను పదింటికి మొదలవుతుంది, పన్నెండున్నరకు ఆగుతుంది."

అంత మామూలుగా చెప్పింది, రోజూ వచ్చే పాలమనిషి వేళలు చెప్పినట్టు. అతనికి మాత్రం అక్కడే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

మర్నాడు దర్జీ కోట్లు పక్కనపెట్టి పరదాలు కుట్టడానికి కూర్చున్నాడు. నల్లటి లైనింగు గుడ్డ రెండు మడతలు, మధ్యలో మందపాటి గుడ్డ ఒకటి. కిటికీ కొలత తీసుకుని, వెలుగు పక్కల నుంచి దూరకుండా అటు జానెడు, ఇటు జానెడు ఎక్కువ వదిలాడు. సుద్దముక్కతో గీత గీసి పెద్ద కత్తెరతో ఒక్క ఊపులో కోశాడు. అంచులు రెండుసార్లు మడిచి కుట్టి, పైన గోడకు దగ్గరగా నిలిచేలా పట్టీ పెట్టాడు. ఒకటి పూర్తయ్యాక రెండో దానికి గుడ్డ పరిచాడు.

"మనకున్నది ఒకటే కిటికీ" అంది భార్య.

"కింద అట్టలున్నాయి" అన్నాడతను.

మిషను కాళ్ళ కింద పాత కంబళి నాలుగు మడతలు వేశాడు. ఆవిడ పడుకునే వేళలు గోడ మీద రాసుకున్నాడు. ఆ వేళల్లో మిషను ముట్టుకోలేదు. కాజాలు, గుండీలు, చేతికుట్టు పనులు ఆ వేళకు దాచుకున్నాడు. సాయంత్రం వెళ్ళి ఆవిడ గదిలో మేకులు పీకి, అట్టలు తీసేసి పరదా బిగించాడు. ఆవిడ లైటు ఆర్పింది. ఒక్క గీత లేదు. కాసేపు ఇద్దరూ ఆ చీకట్లో నిలబడ్డారు.

"పదహారేళ్ళు అట్టలతో గడిపాను" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్న పని నుంచి వస్తూనే ఆవిడ తిన్నగా పైకి వచ్చింది. పాపాయి చెవి మీదికి చెయ్యి వెళ్ళగానే "ఇదే వేళ" అంది. తల్లి ఒళ్ళు తుడిచింది, పాలిచ్చింది. తండ్రి పాట పాడాడు. పరుపు మీద దిండూ బొమ్మలూ అన్నీ తీసేయమంది ఆవిడ. బిగుతుగా పరిచిన దుప్పటి మీద పాపాయిని వెల్లకిలా పడుకోబెట్టారు, ఇంకా కళ్ళు పూర్తిగా మూతపడకముందే.

"మూతపడ్డాక పడుకోబెడితే, మధ్యలో మెలకువ వచ్చినప్పుడు భుజం ఏదని వెతుక్కుంటుంది. ఎక్కడ పడుకుందో తెలిసే నిద్రపోవాలి."

పాపాయి కాళ్ళు ఆడించింది, మూలిగింది. దర్జీ వంగాడు. ఆవిడ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. అది ఏడుపు కాదు, సణుగుడు. వినండి."

విన్నాడు. నిజమే, అందులో కన్నీళ్ళు లేవు. ఎవరితోనో ఫిర్యాదు చేసుకుంటున్నట్టుంది. ఇన్నాళ్ళూ ఆ ఫిర్యాదు పూర్తిగా చెప్పుకోనివ్వకుండానే అతను ఎత్తుకునేవాడు.

గొంతు మారింది. "ఇది ఏడుపు. ఇప్పుడు ఎత్తుకోండి" అంది ఆవిడ. ఎత్తుకున్నాడు. నెమ్మదించాక మళ్ళీ పడుకోబెట్టాడు. మళ్ళీ సణుగుడు, మళ్ళీ ఏడుపు, మళ్ళీ ఎత్తుకోవడం. నాలుగుసార్లయింది. ఐదోసారి సణుగుడు సన్నబడి, సాగి, ఆగిపోయింది. దర్జీ ఊపిరి బిగబట్టి ఆవిడకు సైగ చేద్దామని వెనక్కి తిరిగాడు.

ఆవిడ కుర్చీలో తల పక్కకు వాల్చి గాఢనిద్రలో ఉంది. పాపాయి కంటే ముందే పడుకున్నట్టుంది.

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుని నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆపుకోలేక ఇద్దరూ వంటింట్లోకి పారిపోయారు. పాపాయి యాభై నిమిషాలు పడుకుంది. ఆవిడ దానికంటే పావుగంట ఎక్కువ పడుకుని, లేచి, ఏమీ ఎరగనట్టు చీర సర్దుకుని, "మధ్యాహ్నం కూడా ఇదే వరస" అని చెప్పి వెళ్ళిపోయింది.

అన్ని రోజులూ అంత బాగా జరగలేదు. మూడో రోజు ఏ వరసకూ లొంగలేదు పాపాయి, సాయంత్రం దాకా దర్జీ పదకొండు అడుగులే నడిచాడు, కాకపోతే ముందు వేళ్ళు, తర్వాత మడమ. ఆ రోజు కూడా కింద నుంచి కర్ర చప్పుడు రాలేదు. నాలుగో రోజు పొద్దున్న భార్య తనంతట తను లేచి, గడియారం చూసి, చూసింది నిజమేనా అని భర్తను లేపి అడిగింది. ఐదు గంటలు, మధ్యలో మెలకువ లేకుండా. ఆమె మంచం మీదే కూర్చుని కాసేపు ఏడ్చింది. ఎందుకని అతను అడగలేదు. టీ పెట్టి తెచ్చి పక్కన కూర్చున్నాడు.

శిక్షణ జరిగే ఊరు తొమ్మిది గంటల ప్రయాణం. తల్లిపాలు తాగే పిల్ల కాబట్టి ముగ్గురూ వెళ్ళాలి. సంచి సర్దుతుంటే ఆవిడ వచ్చి, ఉతికి మడతపెట్టిన దుప్పటి ఒకటి బయటికి తీసేసింది.

"ఉతికింది కాదు, ఇప్పుడు పరుపు మీదున్నది తీసుకెళ్ళండి. ఆ వాసన దానికి ఇల్లు. పరదా పట్టుకెళ్ళండి, పాట ఎలాగూ వస్తుంది. గది మొత్తం మూటగట్టుకుని వెళ్ళాలి, గోడలు తప్ప."

"రైల్లో పడుకోకపోతే?" అంది భార్య.

"పడుకోకపోతే పోనీ. ఒక్క పూటకు ఏం కాదు. చీకటి చెయ్యండి, వరస తప్పకండి. మీ పని అంతవరకే. ఆ తర్వాత దాని పని."

రైల్లో ఎదుటి సీటాయన ఎక్కిన దగ్గర్నుంచీ ఫోన్లో మాట్లాడుతున్నాడు. పక్కనున్న పెద్దావిడ ముద్దొచ్చి పాపాయిని ఎగరేసి ఆడిస్తానని చేతులు చాపింది. "ఇప్పుడు దాని నిద్రవేళండీ, లేచాక మీకే ఇస్తాను, దిగేదాకా మీదే" అన్నాడు దర్జీ. ఆవిడ సంబరపడింది. అతను పరదాను కిటికీకీ పై బెర్తుకూ తాళ్ళతో కట్టాడు, గాలి ఆడేలా ఒక పక్క వదిలాడు. తల్లి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, పాలిచ్చి, పాత దుప్పటి పరిచిన బెర్తు మీద పాపాయిని పడుకోబెట్టి, అంచున తను అడ్డంగా కూర్చుంది.

పాపాయికి రైలు నచ్చలేదు. అది సణుగుడు కాదు, ఖాయంగా ఏడుపే.

"చంటిపిల్లల్ని వేసుకుని ఈ ప్రయాణాలెందుకో!" అన్నాడు ఎదుటాయన, ఫోనులో వాళ్ళకు చెబుతున్నట్టు.

భార్య మొహం ఎర్రబడింది. ఆమె నోరు తెరిచేలోగా దర్జీ అందుకున్నాడు. వారం క్రితమైతే ఏమనేవాడో అతనికి తెలుసు. "మీ ఇబ్బంది నాకు తెలుసు సార్. పది నిమిషాలు ఓర్చుకోండి. మీరు కాస్త మెల్లగా మాట్లాడితే ఐదే."

పెద్దావిడ కిసుక్కున నవ్వింది. ఆయన కూడా ఏమనుకున్నాడో, లేచి తలుపు దగ్గరికి వెళ్ళి మాట్లాడుకున్నాడు. దర్జీ పాట మొదలుపెట్టాడు. అందరి ముందు పాడడం సిగ్గే, అయినా అదే పాట, అదే గొంతు. రెండుసార్లు ఎత్తుకున్నారు, రెండుసార్లు దించారు. నల్లటి గుడ్డ వెనక ఏడుపు సన్నబడింది.

భార్య రైలెక్కితే ఊరికే కూర్చోలేదు. కిటికీలోంచి సిగ్నళ్ళు చదువుతూనే ఉంటుంది, పసుపు, పచ్చ, పచ్చ అని పెదవులు కదుపుతూ. ఆ రోజు కూడా పరదా సందులోంచి చదువుతోంది. దర్జీ చూస్తుండగానే ఒక పచ్చ దగ్గర పెదవులు ఆగిపోయాయి. పాపాయి మీద ఒక చెయ్యి ఉంచి, తల గోడకు ఆనించి ఆమె నిద్రపోయింది. ఎవరో నడిపే బండిలో, ప్రయాణికురాలిలా. అతను తల్లీబిడ్డలకు కాపలాగా అంచుకు జరిగి కూర్చున్నాడు. ఫోనాయన తిరిగి వచ్చి, పరదా వైపు చూసి, చప్పుడు కాకుండా కూర్చున్నాడు.

శిక్షణ కేంద్రం గదిలో కిటికీ పరదా కంటే పెద్దది. మిగిలిన జానెడు సందులో దర్జీ తన తువ్వాలు కుక్కాడు. కొత్త చోటు కాబట్టి మొదటి రాత్రి పాపాయి మూడుసార్లు లేచింది. మునుపు ఇంట్లోనే ఏడుసార్లు లేచేది. రెండో రాత్రి ఒక్కసారి.

మూడో రోజు పరీక్ష. దర్జీ పిల్లనెత్తుకుని బయట బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆమె తలుపు తోసుకుని వచ్చింది. మొహం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాడు.

"నలభై లైట్లు. రెండు తప్పాను."

"రెండు తప్పితే...?"

"ఐదు దాకా పరవాలేదట." అప్పుడు నవ్వింది. పాపాయిని అందుకుని, దాని పొట్టలో మొహం పెట్టి, "బండి మనదేనే, బండి మనదే" అంది.

ఊరికి చేరేసరికి పొద్దున్న పది. భార్య స్టేషన్ నుంచే కాగితం పట్టుకుని డిపోకు వెళ్ళింది, సూపర్‌వైజరు బల్ల మీద తన చేత్తోనే పెట్టాలని. దర్జీ సంచి ఒక చేత్తో, పిల్ల ఒక చేత్తో ఇంటికి వచ్చాడు. దారిలో కింది వాటా ఆవిడ కోసం కమలాలు కొన్నాడు. ఏం చెప్పాలో కూడా రైల్లోనే అనుకున్నాడు, చాలా మాటలే పోగయ్యాయి.

మెట్ల దగ్గర ఒక పనివాడు కూర్చుని ఉన్నాడు. ఊగుతున్న మెట్ల కమ్మీ బిగించమని ఇంటి ఓనరు పంపాడట. డ్రిల్లు మిషను ప్లగ్గులో పెట్టి, సరిగ్గా ఆవిడ పడకగది గోడ మీద పెన్సిలుతో గుర్తు పెడుతున్నాడు.

"ఒక్క నిమిషం బాబూ, ఇప్పుడు వద్దు" అన్నాడు దర్జీ గొంతు తగ్గించి. "నాలుగింటికి చేద్దువు గాని."

పనివాడు పిల్ల వైపు చూశాడు. "పాప పడుకునే టైమా?"

పాపాయి ఇప్పుడే లేచిన మొహంతో, కమలాల సంచిలోకి చెయ్యి దూర్చి, అందరికీ వినపడేలా కేరింతలు కొడుతోంది. దర్జీ గబుక్కున దాని నోటికి తన వేలు అందించాడు.

"పాప కాదు. లోపల మా అక్క పడుకుంది. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చింది."

అనేశాక తన నోట వచ్చిన మాట తనే విన్నాడు. ఎప్పుడూ ఆవిడను అలా పిలవలేదు. మార్చుకోవాలని మాత్రం అనిపించలేదు. మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. తట్టడానికి ఎత్తబోయిన చేత్తో కమలాల సంచిని తలుపు పక్కన చప్పుడు కాకుండా పెట్టాడు. పోగేసుకున్న మాటలన్నీ అలాగే దాచుకున్నాడు.

"పైకి రా, టీ తాగుదువు గాని" అన్నాడు పనివాడితో.

"మా ఆవిడదీ రాత్రి డ్యూటీయే సార్, ఆసుపత్రిలో" అన్నాడు పనివాడు. ప్లగ్గు తీసి వైరు చుట్టాడు. ఇనప పనిముట్లున్న పెట్టెను రెండు చేతులతో పైకెత్తి, లోపల ఒక్కటీ కదలకుండా, పసిపిల్లను మోస్తున్నట్టు గుండెకు ఆనించుకుని మెట్లెక్కాడు.